మా ఈసీ టీవీలో జనవరి 26 పరేడ్

జనవరి 4, 2025, శనివారం

మెట్ల కింది గదిలోంచి టీవీని బయటికి తెచ్చాం. నేనూ, పైవాటాలో ఉండే కుర్రాడూ చెరో పక్క పడితే గానీ కదల్లేదు. చెక్క పెట్టె, ముందు ఇటూ అటూ జరిగే షట్టరు తలుపులు, 20 అంగుళాల బ్లాక్ అండ్ వైట్ తెర, కుడి పక్కన కటకటమని తిరిగే చానల్ నాబ్. దాని కింద "ఈసీ టీవీ" అని లోహపు అక్షరాలు. మన హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌లో తయారైన సెట్టు. ఇదే ఊళ్లో పుట్టి, అంబర్‌పేటలో మా ఇంటికి వచ్చింది. నాన్న దీన్ని 1984లో కొన్నారు. దేశమంతటా దాదాపు రోజుకొక ట్రాన్స్‌మిటర్ చొప్పున దూరదర్శన్ విస్తరించిన ఏడాది అది.

పెట్టె కింది అరలో, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, పోస్టాఫీసు లైసెన్సు పుస్తకం కూడా దొరికింది. అప్పట్లో టీవీ ఉంటే ఏటా పోస్టాఫీసుకెళ్లి డబ్బు కట్టి ముద్ర వేయించుకోవాలి. తర్వాత కొద్దికాలానికే ఆ లైసెన్సులు ఎత్తేశారు. మా పుస్తకంలో నిండింది ఒక్క పేజీయే.

ఈ పని ఎందుకు మొదలైందో రాసి పెట్టుకోవాలి. పోయిన నెల భోజనం దగ్గర నాన్న ఉన్నట్టుండి అడిగారు.

"ఆ పాత టీవీ పారేసినవా రా?"

"లేదు నాన్నా, మెట్ల కిందే ఉంది. కానీ గాలిలో ఇప్పుడు దానికి సరిపడే సిగ్నల్ లేదు. సెట్టు బాగున్నా బొమ్మ రాదు."

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాక మళ్లీ అన్నారు: "సెట్టు బాగున్నంక బొమ్మ ఎందుకు రాదు?"

నాన్నకి 78 ఏళ్లు. ఆయన అడిగినదానికి నేను నోటితో చెప్పే జవాబు చాలదనిపించింది. జనవరి 26 ఈసారి ఆదివారం వచ్చింది. ఆ రోజు ఢిల్లీ పరేడ్ ఈ సెట్లో చూపించాలి. చేతిలో మూడు వారాలున్నాయి.

అనుకున్న దారి ఇది. డాబా మీద డిష్ పెట్టి, దూరదర్శన్ ఉపగ్రహం నుంచి ఉచితంగా ఇచ్చే డీడీ ఫ్రీ డిష్ డిజిటల్ సిగ్నల్ పట్టుకోవాలి. సెట్ టాప్ బాక్స్ దాన్ని విప్పి పసుపు, తెలుపు పిన్నుల్లోకి బొమ్మ, శబ్దం ఇస్తుంది. ఈ సెట్టుకి ఆ పిన్నులు పెట్టే చోటు లేదు, వెనక యాంటెన్నా స్క్రూలు రెండే ఉన్నాయి. అందుకని మధ్యలో మాడ్యులేటర్ అనే డబ్బా పెట్టి, ఆ బొమ్మని పాతకాలపు టీవీ చానల్‌గా మార్చి, వైరు మీద సెట్టుకి పంపాలి. వైరు మీదే. లైసెన్సు లేకుండా గాలిలోకి వదలడం నేరం, ఆ ఆలోచన కూడా లేదు.

జనవరి 5, ఆదివారం

ఆశకొద్దీ ప్లగ్గు పెట్టేసి ఉండేవాణ్ణి. మా పాత టీవీ మెకానిక్ భాయ్‌కి ఫోన్ చేయడం మంచిదైంది. "సాబ్, డైరెక్ట్ కరెంటు అస్సలు పెట్టకండి. నేనొస్తున్నా" అన్నారు. షాపు మూసేసి చాలా ఏళ్లయింది, ఇప్పుడాయన కొడుకు మొబైళ్లు బాగు చేస్తాడు. టీవీ పేరు వినగానే సంచి పట్టుకుని వచ్చేశారు.

సంచిలోంచి ముందు తీసింది సిరీస్ బోర్డు. చెక్క పలక మీద ఒక హోల్డరు, అందులో 100 వాట్ల బల్బు, పక్కన సాకెట్టు. సెట్టుకి వెళ్లే కరెంటు ఆ బల్బులోంచే వెళ్లాలి. లోపల ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, సెట్టు మాత్రం కాలిపోదు. స్విచ్ వేశాం. బల్బు ఒక్కసారి భగ్గుమని, మెల్లిగా తగ్గి ఎర్రటి తీగలా నిలబడింది. "కండెన్సర్లు చార్జ్ అవుతున్నయి" అన్నారు భాయ్. నిమిషం తర్వాత పిక్చర్ ట్యూబ్ మెడలో నారింజ రంగు చుక్క కనబడింది. హీటర్ వెలిగింది. తెర మీద ఏమీ లేదు. స్పీకర్లో మాత్రం సన్నగా గుయ్‌మని మోత.

ఆపేసి, ట్యూబ్ మీది రబ్బరు టోపీ కిందికి స్క్రూడ్రైవర్ దూర్చారు. దాని కడ్డీకి చుట్టిన వైరు రెండో చివర అప్పటికే చాసిస్‌కి, అంటే లోపలి లోహపు చట్రానికి, బిగించి ఉంది. టిక్కుమని నీలంగా మెరిసింది. సెట్టు ఆపినా ట్యూబ్‌లో వేల వోల్టులు మిగిలే ఉంటాయి. ఇలాంటి పని ఎవరైనా చేయబోతే ఈ ఒక్క సంగతి మర్చిపోవద్దు, పక్కన తెలిసినవాళ్లు లేకుండా వెనక అట్ట విప్పవద్దు.

తర్వాత లైన్ టెస్టర్‌తో చాసిస్ ముట్టించారు. టెస్టర్‌లో దీపం వెలిగింది. ప్లగ్గు తిప్పి పెడితే ఆరింది. అంటే ఈ సెట్టులో ట్రాన్స్‌ఫార్మర్ లేదు, మెయిన్స్ కరెంటే నేరుగా చాసిస్‌కి వస్తోంది. అప్పట్లో యాంటెన్నా స్క్రూలకీ చాసిస్‌కీ మధ్య చిన్న కండెన్సర్లు అడ్డం ఉండేవి కాబట్టి ఇబ్బంది రాలేదు. నలభై ఏళ్ల తర్వాత ఆ కండెన్సర్ల మీద నమ్మకం పెట్టుకుని డిష్‌కీ, బాక్స్‌కీ కలిపితే డాబా మీది ఇనుముకి షాక్ వచ్చినా రావచ్చు. కొనాల్సినవాటిలో మొదట, సెట్టుని మెయిన్స్ నుంచి విడదీసే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ రాసుకున్నాను.

ఎండిపోయిన కండెన్సర్లు అయిదు తీసి ఒక కాగితంలో చుట్టి ఇచ్చారు, ఏది ఎక్కడిదో గుర్తులు రాసి. ఇన్నేళ్లు మూలన పడి ఉంటే ఏ కంపెనీ కండెన్సరైనా ఎండుతుంది. డబ్బులు ఇవ్వబోతే, "బొమ్మ వచ్చినంక చూద్దాం సాబ్" అన్నారు.

జనవరి 8, బుధవారం రాత్రి

సెట్టు సిద్ధమయ్యే లోపు, గాలిలో నిజంగా ఏమీ లేదా అని నా చెవులతో, కళ్లతో తేల్చుకోవాలనుకున్నాను.

మా డాబా మీది నుంచి రామంతాపూర్ వైపు చూస్తే దూరదర్శన్ టవర్ కనబడేది. మేమెంత దగ్గరంటే, చుట్టాల ఊళ్లలో పైపులు అతికించి అంత ఎత్తున యాంటెన్నాలు కడుతుంటే, మా ఇంట్లో గోడకి మేకులు కొట్టి తగిలించిన రిబ్బన్ వైరు ముక్కతోనే బొమ్మ వచ్చేది. ఇవాళ అలాంటిదే మళ్లీ చేశాను. చపాతీ పిండిలాంటి ఆ గోధుమరంగు రిబ్బన్ వైరు డెబ్బై సెంటీమీటర్లు కోసి, చివరలు రెండూ కలిపి, ఒక పాయని నడిమధ్య తెంచి అక్కణ్నుంచి వైరు దింపాను. దాన్ని పెన్‌డ్రైవ్ అంత ఉండే రేడియో డాంగిల్‌కి పెట్టి, లాప్‌టాప్‌లో తెరిచాను. గాలిలో ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఏ సిగ్నల్ ఉందో అది తెర మీద గీసి చూపిస్తుంది.

ఎఫ్‌ఎం దగ్గర, 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ దాకా, స్టేషన్లన్నీ గుట్టల్లా లేచి ఉన్నాయి. యాంటెన్నా పనిచేస్తోందన్నమాట. అక్కణ్నుంచి పైకి, పాత టీవీ చానళ్లుండే 174 నుంచి 230 దాకా మెల్లిగా జరుపుకుంటూ పోయాను. అనలాగ్ టీవీ ఉంటే పోల్చుకోవడం కష్టం కాదు. చానల్‌కి 7 మెగాహెర్ట్జ్ స్థలం. కింది అంచుకి 1.25 పైన బొమ్మని మోసే తరంగం, అంటే బొమ్మ క్యారియర్, కరెంటు స్తంభంలా నిలువుగా ఉంటుంది, దానికి సరిగ్గా 5.5 పైన శబ్దం క్యారియర్. అలాంటి జంట ఒక్కటీ లేదు. బల్లపరుపుగా పొట్టి గడ్డిలా నాయిస్, అంతే. రెండుసార్లు చూశాను.

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరులో మొదలైంది. దూరదర్శన్ తన అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను విడతలవారీగా ఆపుతూ వచ్చి, 2022 మార్చి నాటికి సరిహద్దుల్లాంటి చోట్ల ఓ యాభై తప్ప మిగతావన్నీ తీసేసింది. మా వీధిలో ఎవరికీ ఆ సంగతి తెలిసినట్టే లేదు. తెలియడానికి అప్పటికి యాంటెన్నా మీద చూసేవాళ్లే లేరు. అంతకు ముందే కేబుల్ వచ్చేసింది, ఆ కేబుల్ కూడా 2011 చట్ట సవరణతో డిజిటల్ అయింది. రెండో విడతలో 38 నగరాలకు 2013 మార్చి 31 గడువు పెడితే అందులో హైదరాబాద్ ఉంది. మా ఇంట్లో సెట్ టాప్ బాక్స్ అప్పుడే కొన్నాం, ఈసీ టీవీ మెట్ల కిందికి వెళ్లిందీ అప్పుడే. దూరదర్శన్ నేల మీది టవర్ల నుంచి డిజిటల్ ప్రసారం 2016 ఫిబ్రవరిలో మొదలుపెట్టినప్పుడు ముందు 16 నగరాలు తీసుకుంది. ఆ జాబితాలో చెన్నై, బెంగళూరు ఉన్నాయి, మన ఊరు లేదు.

మార్పు అక్కర్లేదని నేను అనను. ఒక బొమ్మ కోసం 7 మెగాహెర్ట్జ్ ఆక్రమించుకుని కూర్చోవడం ఈ రోజుల్లో కుదరని పని. ఫ్రీ డిష్‌లో ఒక్క ట్రాన్స్‌పాండర్ (ఉపగ్రహంలో సిగ్నల్ అందుకుని తిరిగి పంపే భాగం) మీద పదిహేనుకు పైగా చానళ్లు వస్తాయి. కానీ నాన్న ప్రశ్న నన్ను వదల్లేదు. 1982లో రంగుల టీవీ వచ్చినప్పుడు బ్లాక్ అండ్ వైట్ సెట్టు ఒక్కటీ పారేయాల్సిన అవసరం రాలేదు. పాల్ అనే మన రంగుల టీవీ పద్ధతిలో వెలుగు సమాచారం పాత దారిలోనే పంపి, రంగుని దాని సందుల్లో 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర ఇమిడ్చారు. రంగుల సెట్టు రెండూ తీసుకుంది, పాత సెట్టు తనకు కావాల్సింది తీసుకుని రెండోదాన్ని వదిలేసింది. రంగులు కొనలేని ఇంటిని కూడా మనసులో పెట్టుకుని చేసిన పని అది. ఇంజనీరింగ్‌లో నాకు ఇంతకంటే గొప్పగా తోచేవి కొన్నే ఉన్నాయి. డిజిటల్‌తో ఆ సర్దుబాటుకి వీల్లేదు. అంకెల వరస పాత ట్యూనర్‌కి వట్టి నాయిస్‌గానే కనబడుతుంది. మధ్యలో ఒక డబ్బా తప్పదు.

జనవరి 11, శనివారం

ఆదివారం కోఠిలో షాపులుండవని ఇవాళే వెళ్లొచ్చాను. గుజరాతీ గల్లీలో కండెన్సర్లు, 100 వీఏ ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, బాలన్ దొరికాయి. బాలన్ అంటే వేలెడంత ప్లాస్టిక్ డబ్బీ. ఒక వైపు 75 ఓమ్‌ల కేబుల్ పిన్ను, రెండో వైపు 300 ఓమ్‌ల రిబ్బన్ వైరు తోకలు. కేబుల్ కొత్తగా వచ్చిన రోజుల్లో ప్రతి టీవీ వెనకా ఒకటి వేలాడేది. అడిగితే షాపాయన కాసేపు ఆలోచించి పైఅర మీది అట్టపెట్టె దించాడు. "ఇది అడిగినోళ్లు లేరు సార్ ఈ మధ్య" అని రెండు ఇచ్చి ఒకదానికే డబ్బు తీసుకున్నాడు.

మాడ్యులేటర్‌కి నాలుగు షాపులు తిరిగాను. చివరికి పాత సామాను అమ్మే చోట ఒకటి దొరికింది, 450 రూపాయలు. డిష్, దాని ముందుండి సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ, ఫ్రీ డిష్ బాక్స్, వైరు కలిపి 1,400 అయ్యాయి. నెలనెలా కట్టేదేమీ లేదు. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అని 33 చానళ్లతో మొదలైనప్పటి నుంచీ అది ఉచితమే.

జనవరి 12, ఆదివారం

డిష్ పని. ఉపగ్రహం జీశాట్ 15, తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గర. మన హైదరాబాద్ 78.5 దగ్గర ఉంది కాబట్టి డిష్ ఆగ్నేయానికి తిరగాలి. లెక్క వేస్తే ఉత్తరం నుంచి 138 డిగ్రీలు, ఎత్తు 63 డిగ్రీలు వచ్చింది. ఎల్‌ఎన్‌బీని దాని గూట్లో దాదాపు 40 డిగ్రీలు మెలి తిప్పాలి. ఎత్తు 63 అన్నానని డిష్‌ని మరీ ఆకాశంలోకి ఎత్తకూడదు. ఈ చిన్న డిష్‌లు ఆఫ్‌సెట్ రకం, అవి చూసే దిక్కు ముఖం కంటే పాతిక డిగ్రీల దాకా పైన ఉంటుంది. చూడటానికి అంతగా ఎత్తినట్టు లేకున్నా చూపు పైకే ఉంటుంది.

పాప కింద టీవీ దగ్గర కూర్చుని అంకెలు చదివింది, నేను పైన తిప్పాను. మధ్యలో ఫోన్.

"నాన్నా, స్ట్రెంత్ 82, క్వాలిటీ సున్నా."

"ఇప్పుడు?"

"82, సున్నా."

స్ట్రెంత్ అంటే వైరులో ఏదో వస్తోందని మాత్రమే. క్వాలిటీ కదిలితేనే మనకు కావాల్సిన ఉపగ్రహం దొరికినట్టు. గంట సేపు సున్నాయే. నీళ్ల ట్యాంకు ఇనుప నిచ్చెన పక్కన నిలబడి ఫోన్ కంపాస్ చూస్తున్నానని అప్పుడు గుర్తొచ్చింది. పది అడుగులు దూరం జరిగి చూస్తే దిక్కు ఇరవై డిగ్రీలు తేడా. సరిచేసి, వేలెడు కూడా లేని కదలికలతో తూర్పు నుంచి దక్షిణానికి జరిపాను. పాప ఒక్కసారి అరిచింది: "వచ్చింది, 64! ఆగు, కదపకు!"  డీడీ యాదగిరి వచ్చింది, డీడీ నేషనల్ వచ్చింది. ఇవాళ్టికి హాల్లోని ఫ్లాట్ టీవీలోనే చూసుకున్నాం.

బోల్టులు బిగిస్తుంటే నాన్న పైకొచ్చారు. డిష్ చుట్టూ తిరిగి, "ఇంత చిన్నదా?" అన్నారు. ఆయనకు 1975 గుర్తుంది. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి సరిగ్గా ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్ 6 ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు నేరుగా టీవీ ఇచ్చారు. ఆరింటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్ల జాలీతో అల్లిన, పది అడుగుల వెడల్పు డిష్‌లవి. సాయంత్రం పంచాయతీ ముందు ఊరంతా కూర్చునేది. ఆ సెట్లు తయారుచేసింది కూడా ఈసీఐఎల్లే. యాభై ఏళ్ల తర్వాత ఇంకో ఈసీ సెట్టుకి ఉపగ్రహం నుంచి బొమ్మ తెస్తున్నామని అప్పటిదాకా నాకు తట్టలేదు.

జనవరి 14, మంగళవారం, సంక్రాంతి

పొద్దున్నుంచీ డాబాలన్నీ నిండిపోయాయి. పదకొండింటికి ఎవరిదో తెగిన పతంగి మా డిష్ మీదుగా జారింది, మాంజా ఎల్‌ఎన్‌బీ కొయ్యకి చుట్టుకుంది. అవతల డాబా మీది పిల్లలు లాగారు. కింద హాల్లో అమ్మ చూస్తున్న కార్యక్రమం ముక్కలు ముక్కలై, మొహాలు గళ్లుగళ్లుగా విడిపోయి, ఆగి, నల్లబడింది. "నో సిగ్నల్". అంతా కలిపి మూడు సెకన్లు.

డిష్ కదిలింది ఎంతో చూశాను. పెన్సిల్‌తో గీసుకున్న గుర్తుకి అటు ఇటుగా రెండు మిల్లీమీటర్లు.

ఈ తేడా కళ్లముందు జరిగింది కాబట్టి రాస్తున్నాను. అనలాగ్‌లో గాలికి యాంటెన్నా తిరిగితే తెర మీద ముందు సన్నగా మంచు పడేది. ఇంకా తిరిగితే మనిషి పక్కన మనిషి నీడ వచ్చేది. అప్పుడు ఒకళ్లు డాబా ఎక్కి తిప్పడం, ఒకళ్లు కిటికీ దగ్గర నిలబడి "కొంచెం ఎడమకి, ఆఁ, పోయింది, మళ్లీ వెనక్కి" అనడం. బొమ్మ ఎటు బాగవుతోందో తెర చెప్పేది, చెయ్యి వెంబడించేది. డిజిటల్ ఒక హద్దు దాకా లోపమే చూపించదు, హద్దు దాటగానే మొత్తం పోతుంది. ఎటు తిప్పాలో చెప్పదు. బొమ్మ శుభ్రతకి కట్టే వెల అది. అందుకే ఇప్పుడు క్వాలిటీ అంకె చూసే మనిషి కావాలి.

కత్తెరతో మాంజా కోసి, డిష్‌ని గుర్తు దగ్గరికి తెచ్చి, రెండో క్లాంపు వేశాను. మళ్లీ 64.

జనవరి 18, శనివారం

కండెన్సర్లు వేయడానికి భాయ్ మళ్లీ వచ్చారు. చానల్ నాబ్ లోపలి కాంటాక్టులు నల్లబడి ఉన్నాయి. పాప పెన్సిల్ రబ్బరుతో ఒక్కొక్కటీ రుద్దితే వెండి మెరుపు తేలింది. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, చాసిస్ మళ్లీ టెస్టర్‌తో చూశాం. రెండు వైపులా చీకటే. ఇక ధైర్యంగా మాడ్యులేటర్ కలిపాను. డిష్ వైరు బాక్స్‌కి, బాక్స్ పిన్నులు మాడ్యులేటర్‌కి, అక్కణ్నుంచి బాలన్, బాలన్ తోకలు రెండు స్క్రూలకి. మాడ్యులేటర్ మీద చానల్ 3, టీవీ నాబ్ 3.

స్విచ్ వేశాక మాట్లాడకుండా నిలబడ్డాం. ట్యూబ్ వేడెక్కడానికి పట్టే ఆ ముప్పై సెకన్లు ఇన్నేళ్లలో మర్చిపోయాను. ముందు స్పీకర్లో బుస, తర్వాత తెర మధ్య నుంచి బూడిద రంగు వెలుగు పరుచుకుంది. దాంట్లో ఒక మనిషి మొహం, కింద నుంచి పైకి, పైనుంచి మళ్లీ కిందకి, ఆగకుండా దొర్లుతోంది. నాన్న కుర్చీలోంచి లేవకుండానే "వర్టికల్ హోల్డ్ తిప్పు" అన్నారు, నిన్ననే వాడినట్టు.

దొర్లే బొమ్మని నిలిపే ఆ నాబ్ తిప్పితే నెమ్మదించింది గానీ నిలవలేదు. భాయ్ కండెన్సర్‌ని అనుమానించారు. నేను బాక్స్ మెనూ తెరిచాను. టీవీ సిస్టమ్ ఎన్‌టీఎస్‌సీ అని ఉంది, అది అమెరికా పద్ధతి. అంటే సెకనుకి 60 ఫీల్డుల లెక్కలో బొమ్మ పంపుతోంది, మన సెట్టు 50కి పుట్టింది. పాల్ అని మార్చగానే బొమ్మ గోడకి మేకు కొట్టినట్టు నిలబడిపోయింది.

కానీ మాట లేదు. పెదాలు కదులుతున్నాయి, స్పీకర్లో జోరు వాన. కిందవైపు బొమ్మ నాలుగు వేళ్ల మేర అణిగిపోయి, మనుషులందరికీ కాళ్లు పొట్టిగా ఉన్నాయి. అయినా అమ్మ వంటింట్లోంచి వచ్చి చేతులు కొంగుకి తుడుచుకుంటూ చాలాసేపు నిలబడి చూసింది.

జనవరి 19, ఆదివారం

శబ్దం సంగతి రేడియో డాంగిల్ తేల్చింది. మాడ్యులేటర్ వైరు దానికి పెట్టాను. చానల్ 3 బొమ్మ క్యారియర్ 55.25 దగ్గర స్తంభంలా ఉంది, సరిగ్గా ఉండాల్సిన చోట. శబ్దం 60.75 దగ్గర ఉండాలి, అక్కడ ఏమీ లేదు. ఇంకొంచెం పైకి జరిపితే 61.75 దగ్గర కనబడింది. తేడా 5.5 కి బదులు 6.5. చైనాలాంటి దేశాల్లో వాడే డీకే పద్ధతి అది. మనది బీ. బొమ్మ రెండింటికీ ఒకటే కాబట్టి వచ్చింది, మన సెట్టు శబ్దాన్ని వేరే చోట వెతుక్కుంటోంది.

డబ్బా విప్పితే లోపల బోర్డు మీద గోరంత జంపర్ ఉంది, పక్కన నాలుగు గుర్తులు. ట్వీజర్‌తో తీసి, మన బీ పద్ధతి కూడా కలిసిన బీజీ అని ఉన్నచోట గుచ్చాను. టీవీ పెట్టగానే వార్తలు చదివే అమ్మాయి గొంతు గదంతా నిండింది. చెక్క పెట్టెలోంచి వచ్చే ఆ గొంతులో ఒక లావు ఉంటుంది. మా ఫ్లాట్ టీవీ స్పీకర్లలో ఎప్పుడూ వినలేదు.

"శాంతి స్వరూప్ గొంతు ఇందులోనే విన్నం" అన్నారు నాన్న. 1983 నవంబరు 14న తెలుగు వార్తలు మొదలైనప్పుడు చదివింది ఆయనే. టెలిప్రాంప్టర్ లేని రోజుల్లో కాగితం మీంచి చూపు ఎత్తి మన వైపు చూసి చదివేవారు. పోయినేడు ఏప్రిల్‌లో కన్నుమూశారు. నాన్న ఆ పూట సంగతి ఇంకేమీ మాట్లాడలేదు.

జనవరి 22, బుధవారం

కాళ్లు పొట్టిగా ఉండటానికి కారణం, బొమ్మని నిలువునా సాగదీసే వర్టికల్ ఔట్‌పుట్‌లో మిగిలిపోయిన 1000 మైక్రోఫారడ్ కండెన్సర్. మార్చాం. అందరూ సరైన ఎత్తుకి వచ్చారు.

జనవరి 25, శనివారం రాత్రి

రేపటికి అంతా సిద్ధం. రెండు గంటలు ఆపకుండా నడిపి చూశాను. పెట్టె వెనక చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది, ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ అంతకంటే వేడెక్కింది కానీ చెయ్యి ఆనించగలం.

ప్రసారం వెడల్పు తెరకి, మన తెర నాలుగుకి మూడు. బాక్స్‌లో రెండు దారులున్నాయి. అంచులు కోసి తెర నింపడం ఒకటి, పైనా కిందా నల్ల పట్టీలు వదిలి మొత్తం చూపించడం రెండోది. కవాతు వరసల్లో చివరి మనిషి కూడా కనబడాలి కాబట్టి పట్టీలే మేలనుకున్నాను.

సాయంత్రం 7 గంటల వార్తలకు ముందు నాన్న చేతి గడియారం విప్పి పట్టుకుని టీవీ ముందు కూర్చున్నారు. వెనకటి అలవాటు. తెర మీది గడియారంలో ముల్లు 12 మీదికి రాగానే తనది సరిచేసుకునేవారు. ఇవాళ నేను ఫోన్ పక్కన పెట్టి చూపించాను. వార్తలు మొదలయ్యేసరికి ఫోన్‌లో 7 దాటి నాలుగైదు సెకన్లు అయింది. ఉపగ్రహం దాకా వెళ్లి రావడానికి పావు సెకనే, మిగతాది అంకెలుగా కుదించడానికీ, విప్పడానికీ పట్టేది. అనలాగ్‌లో రామంతాపూర్‌లో మనిషి నోరు తెరిచిన క్షణమే మా ఇంట్లో తెరిచేవాడు. నాన్న గడియారం మళ్లీ చేతికి పెట్టుకుంటూ, "అయితే ఇగ దీంతోని టైం పెట్టుకోవద్దు" అన్నారు.

జనవరి 26, ఆదివారం

తొమ్మిదిన్నరకే షట్టర్లు తెరిచాం. పది మంది దాకా అయ్యాం. మేం నలుగురం, పైవాటా వాళ్లు, పక్కింటి పెద్దమ్మ, భాయ్, ఆయన మనవడు. కుర్చీలు చాలక చాప వేశాం.

గుర్రపు బగ్గీలో రాష్ట్రపతి ముర్ము, అతిథిగా వచ్చిన ఇండోనేషియా అధ్యక్షుడు వచ్చారు. జెండా ఆవిష్కరించారు. జాతీయ గీతానికి నాన్న కర్ర పట్టుకుని లేచి నిలబడ్డారు, అందరం నిలబడ్డాం.

కూర్చున్నాక పాప అడిగింది: "తాతా, ఇందులో కాషాయం ఏదో ఆకుపచ్చ ఏదో ఎట్ల తెలుస్తది?"

"చూడు, పైన పట్టీ లేత బూడిద. కింద పట్టీ ముదురు బూడిద. నడుమ తెలుపు. కాషాయానికి వెలుగెక్కువ, ఆకుపచ్చకి తక్కువ."

అది సరిగ్గా రాత్రి నేను లెక్క వేసి చూసుకున్న సంగతే. రంగుల్లోంచి వెలుగు తీసేటప్పుడు ఎరుపుకి సుమారు 30, ఆకుపచ్చకి 59, నీలానికి 11 శాతం చొప్పున కలుపుతారు. జెండాలోని ఆకుపచ్చ బాగా చిక్కటిది కాబట్టి కాషాయం కంటే దాదాపు సగం వెలుగులో తేలుతుంది. నాన్న లెక్క వేయలేదు. ఏళ్ల తరబడి ఈ తెరలో జెండా చూశారు.

యుద్ధట్యాంకులు వచ్చినప్పుడు, ఇండోనేషియా దళం కవాతు చేసినప్పుడు చాప మీది పిల్లలు ముందుకి జరిగారు. శకటాల దగ్గర రంగుల లోటు బాగా తెలిసింది. పక్కింటి పెద్దమ్మ రెండుసార్లు "అది ఏ రాష్ట్రం నాయనా" అని అడిగింది, కింద వచ్చే చిన్న అక్షరాలు ఈ తెర మీద అలుక్కుపోతున్నాయి. అడిగినప్పుడల్లా భాయ్ మనవడు దగ్గరికెళ్లి చదివి చెప్పాడు. ఒక్కసారి కూడా బొమ్మ ఆగలేదు. విమానాలు వెళ్లేటప్పుడు భాయ్ తెర వైపు కాకుండా పెట్టె వెనక ట్యూబ్ మెడలో వెలిగే చుక్కనే చూస్తున్నారు. డబ్బుల కవరు ఇవ్వబోతే మనవడి చేతికి ఇమ్మన్నారు.

అయిపోయాక నాన్న లేచి వెళ్లి నాబ్ తనే తిప్పారు. తెర ముడుచుకుని మధ్యలో తెల్లటి చుక్కై కొన్ని సెకన్లు నిలిచి ఆరిపోయింది. షట్టర్లు రెండూ దగ్గరికి జరిపి, పైన టవలు కప్పి అన్నారు:

"రేపు ఏడింటికి వార్తలు పెట్టు."

ట్రాన్స్‌ఫార్మర్‌కి ముందు 1 ఆంపియర్ ఫ్యూజు వేయాలి. రోజూ నడవబోతోంది కాబట్టి అది లేకుండా వదలకూడదు. రేపు ఆఫీసు నుంచి వస్తూ కోఠిలో దిగుతాను.